పంటిపోటు వచ్చేసరికే ఆలస్యం
పుప్పిపన్నుకు తొలి గుర్తు తెల్ల మచ్చ – పెదవి ఎత్తి చూసేవారే కరువు

సాలూరు (మా విలేఖరి): పట్టణంలోని ఏ మందుల దుకాణం ముందయినా సాయంత్రం వేళ కాసేపు నిలబడితే ఒక సంగతి తెలుస్తుంది. చెంపకు చెయ్యి ఆనించుకుని, తల ఓ పక్కకు వంచి వచ్చేవారు ఒకరిద్దరయినా వుంటారు. చేతిలో డాక్టరు చీటీ వుండదు. ‘‘పంటిపోటుకి బిళ్లలియ్యి బాబూ’’ అని అడుగుతారు. రెండు రోజుల బిళ్లలు పొట్లం కట్టించుకుని పాచిపెంట వైపో, మక్కువ వైపో ఆటో ఎక్కి వెళ్లిపోతారు. నాలుగు రోజులకు పోటు తగ్గుతుంది. పోటు తగ్గింది గనుక పన్ను బాగయిందనుకుంటారు. చిక్కంతా ఇక్కడే వున్నది.

పోటు వచ్చినప్పుడు జబ్బు మొదలయిందని, పోటు పోయినప్పుడు జబ్బు పోయిందని మన ప్రాంతంలో చదువుకున్నవారు, చదువుకోనివారు కూడా ఒకే తీరుగా అనుకుంటున్నారు. ఈ రెండూ తప్పే. పుప్పి పట్టిన పన్ను చాలా నెలలు, ఒక్కోసారి ఏళ్ల తరబడి, ఏ నొప్పీ లేకుండా లోలోపల గుల్ల అవుతుంది. పోటు వచ్చిందంటే జబ్బు పంటి నడిబొడ్డుకు చేరిందన్నమాట. ఆ పోటు దానంతట అది ఆగిపోయిందంటే లోపలి నరం చచ్చిపోయిందని అనుమానించవలసి వుంటుంది.

ఇది సాలూరుకు మాత్రమే వచ్చిన తెగులు కాదు. శాశ్వత దంతాలు పుచ్చినవారు ప్రపంచంలో సుమారు 200 కోట్ల మంది వున్నారని, పాలపళ్లు పుచ్చిన పిల్లలు 51 కోట్ల పైచిలుకు వున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నవంబరులో ప్రకటించింది. మన దేశంలో డెంటల్ కౌన్సిల్ 2002–03లో జరిపించిన జాతీయ సర్వేలో 5 ఏళ్ల పిల్లల్లో నూటికి 52 మందికి, 12 ఏళ్ల వారిలో నూటికి 54 మందికి, 35 నుంచి 44 ఏళ్ల వారిలో నూటికి 80 మందికి పుప్పిపళ్లు వున్నట్లు తేలింది. ఆ లెక్కలు పాతవే. అయితే అప్పటికి మన కొండ గ్రామాల్లో రూపాయి చాక్లెట్టు, అయిదు రూపాయల బిస్కెట్టు పొట్లం ఇప్పుడున్నంతగా లేవని మాత్రం పెద్దలందరికీ గుర్తే.

నొప్పి ఎందుకు ముందు రాదు?

పంటిని పైన కప్పి వుండే పింగాణీ పొర మనిషి దేహంలో ఎముకకంటె కూడా గట్టిది. దానిలో నరం లేదు. కనుక ఆ పొర ఎంత దెబ్బ తిన్నా మనిషికి తెలియదు. దాని కింది పొర కొంచెం మెత్తనిది. పుప్పి అక్కడికి చేరినప్పుడు తీపి తిన్నా, చల్లని నీళ్లు తాగినా పన్ను జివ్వుమంటుంది. మరీ లోపల, పంటి మధ్యన నరము, రక్తనాళాలు వున్న గుజ్జు వుంటుంది. పుప్పి దానిని తాకినప్పుడు వచ్చేదే అసలైన పోటు. గుజ్జు వాచినా, చుట్టూ గట్టి గోడలే గనుక ఆ వాపుకు చోటు దొరకదు. పడుకుంటే తలకు రక్తం ఎక్కువగా వస్తుంది గనుక రాత్రివేళ పోటు మరింత ఎక్కువవుతుంది. పగలంతా పొలంలో పని చేసుకున్న మనిషి రాత్రి మంచం మీద కూర్చుని తెల్లవార్లూ గడపడం ఇందుకే.

పన్ను పుచ్చడానికి కారణం పురుగని మనవాళ్ల నమ్మకం. నేలములక గింజలు నిప్పుల మీద వేసి, ఆ పొగ పంటికి పట్టించి, గిన్నెలో రాలిన తెల్లని సన్నని వాటిని చూపి ఇవిగో పురుగులని చెప్పేవారు ఇంకా అక్కడక్కడా కనబడుతూనే వున్నారు. అవి పంటిలోవి కావు. వేడికి పగిలిన గింజల నుంచి బయటపడిన మొలకలే. పురుగును కళ్లారా చూశామని సాక్ష్యం చెప్పే పెద్దలు అబద్ధం ఆడడం లేదు, వారు చూసింది మాత్రం గింజ కడుపులోనిది. నోట్లో వుండే సూక్ష్మజీవులు మనం తిన్న పిండిపదార్థాన్ని, పంచదారను పులియబెట్టి ఆమ్లం తయారు చేస్తాయని, ఆ ఆమ్లమే పంటిని కరిగిస్తుందని డబ్ల్యు.డి. మిల్లర్ అనే అమెరికన్ దంతవైద్యుడు బెర్లిన్‌లో పని చేస్తూ 1890లోనే గ్రంథం ప్రకటించాడు. చింతపండు పులుసు రాగిచెంబు మీది మకిలిని ఎలా తింటుందో ఈ ఆమ్లం పింగాణీలోని సున్నాన్ని అలా తింటుంది.

తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే ఆమ్లం పెరుగుతుంది. నోటిలో ఊరే లాలాజలం దానిని విరిచి మామూలు స్థితికి తేవడానికి అరగంట మొదలు గంట వరకు పడుతుంది. ఆ తరువాత లాలాజలంలోని సున్నమే తిరిగి పంటికి చేరి కొంత మరమ్మతు కూడా చేస్తుంది. కాబట్టి పండుగనాడు ఒక్కసారి కూర్చుని నాలుగు అరిసెలు తిన్నవాడికంటె, రోజంతా గంటకొక చాక్లెట్టు చప్పరించే పిల్లవాడి పళ్లకే ముప్పు ఎక్కువ. మరమ్మతుకు వ్యవధి దొరకదు.

ముందుగా కనబడేది నలుపు కాదు, తెలుపు

పుప్పి అంటే నల్లని రంధ్రమని అందరి ఎరుక. కాని దానికి చాలా ముందు కనబడేది తెల్లని మచ్చ. చిగురును ఆనుకుని, పంటి మీద సుద్దముక్కతో గీసినట్లు మెరుపు లేని తెల్లని గీత వుంటుంది. తడిగా వున్నప్పుడు అది కనబడదు. పంటిని శుభ్రమైన గుడ్డతో తుడిచి, వెలుతురులో చూస్తే తెలుస్తుంది. పసిపిల్లల్లో పై వరుస ముందు పళ్ల మీద ఇది మొదట వస్తుంది. పాలసీసా నోట్లో పెట్టుకునే నిద్రపోయే పిల్లల్లో ఏడాదిన్నర, రెండేళ్ల వయసుకే రావచ్చు. పై పెదవిని వేలితో ఎత్తి చూడకపోతే తల్లికి కూడా తెలియదు. ఎందుకంటే నవ్వినప్పుడు కూడా చిగురు దగ్గరి భాగం పెదవి కిందనే వుండిపోతుంది.

ఈ తెల్లమచ్చ దశలో పన్ను ఇంకా గుంట పడలేదు. తీపి తినే సార్లు తగ్గించి, ఫ్లోరైడు వున్న పేస్టుతో రెండు పూటలా తోమితే అది తిరిగి గట్టిపడే అవకాశం వున్నది. పుప్పి వెనక్కు మళ్లే దశ ఇదొక్కటే. గుంట పడిన తరువాత ఏ పొడీ, ఏ పుల్లా దానిని పూడ్చలేవు. డాక్టరు సిమెంటు నింపవలసిందే.

తరువాతి దశలో దవడ పళ్ల గాడుల్లో గోధుమరంగు, నలుపు కనబడతాయి. రెండు పళ్ల నడుమ పుచ్చితే పైకి కనబడకపోవచ్చు. భోజనం అయిన ప్రతిసారీ ఒకే చోట మెతుకు ఇరుక్కోవడం, అక్కడ పుల్ల పెట్టి గుచ్చుకోవలసి రావడం దాని గుర్తు. పిల్లలు నొప్పి అని చెప్పరు. ఒక పక్కనే నమలడం, గట్టి పదార్థాలు పక్కకు తోసివేయడం, అన్నం బుగ్గలో దాచుకుని గంటసేపు తినడం, రాత్రి ఏడ్చి లేవడం చేస్తారు. తల్లులు దీనిని అన్నం మీద మారాం కింద జమ కడుతున్నారు.

చల్లనిది తగిలినప్పుడు మాత్రమే జివ్వుమని వెంటనే పోతే పంటిని నిలబెట్టడం సులువు. వేడి టీ తగిలితే మొదలయి చాలాసేపు నిలిచే పోటు అయితే గుజ్జు దెబ్బ తిన్నట్లు. అప్పుడు వేరు శుభ్రం చేసి తొడుగు వేయించాలంటే ఖర్చు వేలల్లోకి పోతుంది. లేదా పీకించుకోవాలి. చాలామంది రెండవదే కోరుకుంటున్నారు. ఈ విలేఖరి కూడా కింది దవడ పన్ను ఒకటి ఆ విధంగానే పోగొట్టుకున్నాడు. నాలుగు నెలలు బిళ్లలతో నెట్టుకొచ్చి, పోటు పోయిందని సంతోషించిన మాసంలోనే చిగురు మీద చీముపొక్కు లేచింది.

ఆ పొక్కును తేలికగా తీసుకోరాదు. దవడ వాచి జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. దవడ కింద, నాలుక కింద వాపు వచ్చి నోరు తెరవడం, మింగడం, ఊపిరి తీయడం కష్టమయితే అది ప్రాణాంతకం. తెల్లవారేదాకా ఆగరాదు. సికిల్ సెల్ జబ్బు వున్న గిరిజన పిల్లలకు పంటి చీము మరింత ప్రమాదం. ఏ ఇన్‌ఫెక్షన్ అయినా వారిలో ఒళ్లు నొప్పుల సంక్షోభాన్ని రేపగలదు. ఈ జబ్బు కోసం కేంద్రం 2023 జూలై 1న ప్రారంభించిన కార్యక్రమంలో మన మన్యంలో రక్తపరీక్షలు జరిగాయి. ఆ కార్డు వున్న పిల్లల నోరు కూడా ఒకసారి చూడడం ఉచితం.

ఆరేళ్ల పన్నుతో మోసం

అన్నిటికంటె ఎక్కువ నష్టం జరుగుతున్నది ఒక పన్ను విషయంలో. బిడ్డకు ఆరేళ్లు వచ్చే వేళకు, వున్న పాలపళ్లన్నిటికీ వెనుక, ఏ పన్నూ ఊడకుండానే, ఒక పెద్ద దవడ పన్ను వస్తుంది. పై రెండు, కింది రెండు కలిపి నాలుగు. ఏ పన్నూ ఊడలేదు గనుక ఇది కూడా పాలపన్నే అని ఇంట్లో అనుకుంటారు. పుచ్చితే ‘‘ఊడిపోయే పన్నే గదా’’ అని వదిలేస్తారు. అది ఊడేది కాదు. బతికినంత కాలం నమలవలసిన పన్ను. దాని గాడులు లోతుగా వుంటాయి. కొత్తగా వచ్చినందున పింగాణీ ఇంకా పూర్తిగా ముదరదు. ఒకటో తరగతి పిల్లవాని చేతికి ఆ వెనుక పన్ను దాకా తోమడం చాత కాదు. అందువల్ల పదేళ్లు నిండకుండానే శాశ్వత దంతం పీకించుకున్న పిల్లలు మన బడుల్లో కనబడుతున్నారు.

పాలపళ్లు 20. వాటిలో వెనుక దవడ పళ్లు పది, పన్నెండేళ్ల వరకు వుంటాయి. ఊడిపోయేవేనని వాటిని పుచ్చనిస్తే అన్నేళ్లూ పిల్లవాడు సరిగా నమలలేడు. ముందుగా పీకిస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి జరిగి, తరువాత వచ్చే పన్ను వంకరగా మొలుస్తుంది.

ప్రతి నలుపూ పుప్పి కాదు

ఇందుకు విరుద్ధమయిన పొరపాటు కూడా జరుగుతున్నది. రక్తహీనతకు అంగన్‌వాడీల ద్వారా ఇచ్చే ఐరన్ సిరప్ వల్ల చిన్నపిల్లల పళ్ల మీద నల్లని మరక పడుతుంది. పళ్లు పాడవుతున్నాయని కొందరు తల్లులు సిరప్ మానిపిస్తున్నారు. ఇది పైమరక మాత్రమే. నాలుక వెనుక భాగాన పోసి, నీళ్లు తాగిస్తే సరిపోతుంది. పన్ను మెత్తబడి గుంట పడుతున్నదా లేదా అన్నదే తేడా. అలాగే నీటిలో ఫ్లోరైడు ఎక్కువయిన ప్రాంతాల్లో పళ్ల మీద వచ్చే గోధుమరంగు చారలు పుప్పి కావు. దేశంలో ఈ వ్యాధిని మొదట 1937లో గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే.

మన ముసలమ్మల పళ్ల నలుపు మరొక రకం. నిప్పు వున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట ఉత్తరాంధ్ర పల్లెల్లో పాత అలవాటు. దాని మకిలి కింద పుప్పి వున్నా కనబడదు. అంతకంటె ముఖ్యం, అంగిలి సంగతి. సాలూరు 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడేవరకు శ్రీకాకుళం జిల్లాలో వుండేది. ఆ పాత శ్రీకాకుళం జిల్లా గ్రామాల్లో మెహతా, పిండ్‌బోర్గ్ ప్రభృతులు 10,169 మంది నోళ్లు తెరిపించి చూసి, అడ్డచుట్ట వల్ల అంగిట్లో వచ్చే మార్పులు, క్యాన్సరు గురించి 1971లో బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రకటించారు. రోడ్లు సరిగా లేని ఆ కాలంలో పది వేల పైచిలుకు నోళ్లను చూడగలిగారు. ఇప్పుడు ఒక బడిలోని అరవై మంది పిల్లల పెదవులు ఎత్తి చూడడానికి మనకు తీరిక చిక్కడం లేదు.

లారీలు, చోడి అంబలి, చిక్కీ

సాలూరు లారీల పట్టణం. రాయపూర్ రోడ్డు మీద రాత్రింబవళ్లు బండి నడిపేవారి పళ్లకు వున్న కష్టం వేరు. నిద్ర ఆపుకోవడానికి గంటకొక పంచదార టీ, దవడన ఖైనీ, ఘాట్ రోడ్డులో గుట్కా. గుట్కాను రాష్ట్రంలో 2013లో నిషేధించినా అది అందనివారు లేరు. పన్ను పోటు మొదలయితే బండి ఆపి వైద్యం చేయించుకునే వీలుండదు. నొప్పి బిళ్లను నూరి పంటి పక్కన అదిమి పెట్టుకునే అలవాటు వారిలో వున్నది. దానివల్ల చిగురు కాలి తెల్లగా పుండు పడుతుంది తప్ప పంటికి ఒరిగేది లేదు. లవంగ నూనె దూదితో పెడితే కొన్ని గంటలు తిమ్మిరి ఎక్కి ఉపశమనం కలుగుతుంది. అది కూడా డాక్టరు దగ్గరకు చేరేవరకు పనికి వచ్చేదే.

కొండ మీది గ్రామాల్లో మార్పు ఇంకా స్పష్టం. చోడి అంబలి తాగి, వేపపుల్లతో, కానుగపుల్లతో తోముకున్న తాతకు ముప్పై పళ్లు వుండగా మనుమడికి ఆరు పుచ్చిపోయి వుండడం చూస్తున్నాము. పుల్ల మంచిది, పేస్టు చెడ్డది అనుకోరాదు. తాత తీపి తిన్నది జాతరకు, పండుగకు మాత్రమే. మనుమడు కిరాణా కొట్టు పక్కనే పెరుగుతున్నాడు. పుల్లను నమిలినా, పేస్టు రాసినా రోజుకు పదిసార్లు తినే తీపిని అవి ఆపలేవు. ఇటుక పొడి, బూడిద మాత్రం పింగాణీని అరగదీస్తాయి. పళ్లపొడి, పేస్టులలో పొగాకు కలపడాన్ని కేంద్రం 1992లోనే నిషేధించింది. పొగాకు కాల్చిన పొడితో తోముకోవడం ఇళ్లలో ఇంకా పోలేదు.

బడి భోజనంలో 2020 నుంచి వేరుశనగ చిక్కీ, 2023 మార్చి నుంచి బెల్లం వేసిన రాగిజావ చేరాయి. రక్తహీనత వున్న పిల్లలకు ఇవి అవసరమే, ఎవరూ కాదనరు. బెల్లం పంచదార కాదు గనుక పళ్లకు హాని లేదన్న మాట మాత్రం నిజం కాదు. చిక్కీ దవడ పళ్ల గాడుల్లో అతుక్కుంటుంది. తినగానే కుళాయి దగ్గర నోరు పుక్కిలించమని ఒక్క మాట చెబితే సగం బాధ పోతుంది. అందుకు బడిలో కుళాయి వుండాలి, కుళాయిలో నీళ్లు వుండాలి.

పేస్టు, టూత్ బ్రష్‌ల మీద జీఎస్టీని నూటికి 18 నుంచి 5కు, పళ్లపొడి మీద 12 నుంచి 5కు తగ్గించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి అది అమలులోకి వచ్చింది. మంచిదే. అయితే కొనేవారు పెట్టె మీద ఫ్లోరైడు అన్న మాట వున్నదో లేదో చూడాలి. కొన్ని మూలికల పేస్టుల్లో అది వుండదు. పది లక్షల పాళ్లలో 1000 పాళ్ల ఫ్లోరైడు వుంటే పనికి వస్తుంది. మూడేళ్ల లోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆ పైన ఆరేళ్ల వరకు శనగగింజంత చాలు. ప్రకటనల్లో చూపినట్లు బ్రష్ నిండా పెట్టనక్కరలేదు. పడుకోబోయే ముందు తోమడం ఉదయం తోమడంకంటె ముఖ్యం. నిద్రలో లాలాజలం తక్కువగా ఊరుతుంది.

కాగితం మీద వున్న గడి

పుప్పిపన్ను ప్రభుత్వానికి తెలియని జబ్బు కాదు. 2013లో ప్రారంభమయిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పరీక్షించవలసిన 30 జబ్బుల్లో పళ్ల జబ్బు ఒకటి. అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండు సార్లు, బడి పిల్లలను ఒకసారి చూడవలసి వున్నది. జాతీయ దంత ఆరోగ్య కార్యక్రమం 2014–15లో వచ్చింది. ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలుగా మారిన ఉపకేంద్రాల్లో అందించవలసిన 12 రకాల సేవల్లో నోటి ఆరోగ్యం కూడా వున్నది. అంటే పథకం వున్నది, గడి వున్నది, రాసే చెయ్యి వున్నది. కాని వరుసలో నిలబెట్టి ‘‘పన్ను పోటు వుందా?’’ అని అడిగి, లేదంటే లేదని రాసుకుని పోతే ఆ గడి నింపినా ఒకటే, నింపకపోయినా ఒకటే. పోటు లేని పుప్పిని పట్టుకోవడానికే గదా ఆ పరీక్ష! చిన్న టార్చి లైటు, ఒక దూది వుండ, పెదవి ఎత్తడానికి కడిగిన వేలు, ఒక్కో బిడ్డకు ఒక నిమిషం చాలు.

2025 అక్టోబరులో కురుపాం గురుకుల విద్యార్థినులు కామెర్ల బారిన పడిన తరువాత, ఆశ్రమ పాఠశాలలన్నిటా ఆరోగ్య కార్యకర్తలను నియమించాలనే కోరిక మన్యం జిల్లాలో మళ్లీ బలంగా వినబడింది. నియమించిననాడు ఆమె పనుల పట్టికలో ఈ నిమిషం కూడా చేరాలి. ఇంటికి దూరంగా హాస్టలులో వుండే బిడ్డ పెదవి ఎత్తి చూసే తల్లి అక్కడ వుండదు.

గుర్తించిన తరువాత ఏమి చేయాలన్నది రెండవ ప్రశ్న. ప్రభుత్వ దంత కళాశాలలు రాష్ట్రంలో విజయవాడ, కడపలలో వున్నాయి. రెండూ మనకు దూరమే. విజయనగరం కూడా సుమారు 60 కిలోమీటర్లు. కొండ దిగి, బస్సెక్కి, రెండు రోజుల కూలి పోగొట్టుకుని పాలపంటికి సిమెంటు పెట్టించే తండ్రి వుండడు, వుండాలని అనడం కూడా న్యాయం కాదు. ఇందుకు మరొక దారి వున్నది. సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ అనే ద్రావకాన్ని పుచ్చిన చోట చిన్న కుంచెతో అద్దితే పుప్పి చాలావరకు అక్కడితో ఆగిపోతుంది. మిషను పెట్టి తొలవడం, సూది గుచ్చడం వుండదు. ఆరు నెలలకొకసారి మళ్లీ అద్దాలి. పుచ్చిన భాగం శాశ్వతంగా నల్లబడుతుంది, అది ముందుగానే తల్లిదండ్రులకు చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీనిని, ఫ్లోరైడు పేస్టును అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. దంతవైద్యుడు ఏడాదికి రెండు రోజులు తోణాం, మామిడిపల్లి వంటి చోట్లకు వచ్చి కూర్చుంటే, చుట్టుపట్ల పిల్లలందరికీ ఒక పూటలో ఇది చేయవచ్చు.

వైద్య బృందం మీ వూరి బడికి వచ్చే రోజు ప్రధానోపాధ్యాయునికి ముందుగా తెలుస్తుంది. ఆ రోజు ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లల తల్లులను కూడా రమ్మనమని కబురు పెట్టి, వారి ఎదుటనే ఆ వెనుక పన్ను చూపించమని అడగవచ్చు. అందుకు ఏ జీవో అక్కరలేదు.